గాజు గొట్టంలో గండుచీమ రాణి

తొలకరి వాన పడి వెలిసిన సాయంత్రం వీధిదీపాల చుట్టూ ఉసిళ్లు ముసురుకుంటాయి. ఆ గుంపులో ఒక్కోసారి ఉసిళ్ల కంటే బరువైన, నల్లటి రెక్కల పురుగొకటి గోడకు కొట్టుకుని టప్పున కింద పడుతుంది. గోడవారన కాసేపు అటూ ఇటూ తిరుగుతుంది. కాళ్లతో రెక్కల్ని తోసి తోసి మొదళ్ల దగ్గర తెగ్గొట్టుకుని, అక్కడే వదిలేసి నడిచిపోతుంది. ఎత్తైన వీపు, బరువైన పొట్ట, బొటనవేలి గోరంత పొడవు. అది గండుచీమ రాణి. ఆ పూట వరకూ పుట్టింట్లో ఒకరు తినిపిస్తే తిన్న ప్రాణి అది. ఆ రాత్రి నుంచి ఒక్కతే ఒక ఊరిని పుట్టించాలి. ఇంట్లో చీమల కాలనీని పెంచడం అనే అభిరుచి ఏ దేశంలోనైనా ఇలాంటి ఒక్క రాణితోనే మొదలవుతుంది.

జర్మనీ, ఫ్రాన్స్, బ్రిటన్ లాంటి చోట్ల ఈ అభిరుచి కోసమే దుకాణాలున్నాయి. మన దగ్గర ఇంకా కొద్దిమందికే పరిచయం. మన ఇళ్లలో చీమ అంటే పంచదార డబ్బా కింద నీళ్ల పళ్లెం పెట్టి దూరంగా ఉంచాల్సిన ప్రాణి. అయినా వాకిట్లో బియ్యప్పిండి ముగ్గు వేస్తే చీమలకు ఇంత మేత దొరుకుతుందని చెప్పుకున్న ఇళ్లు కూడా ఇవే. ఈ అభిరుచిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు నియమాల చిట్టా ఒకటి చేతికందుతుంది: చీకట్లో పెట్టండి, కదపకండి, మొదట్లో మేత వేయకండి, చక్కెర నీళ్లు ఇవ్వండి, పురుగుల్ని ఇవ్వండి. అవన్నీ సరైన మాటలే. కానీ ఒక్కో నియమం వెనుక ఆ చీమ ఒంట్లోనే ఒక కారణం ఉంది. కారణం తెలియకుండా నియమాన్ని బట్టీ పట్టినవాళ్లు మొదటి నెలలోనే దాన్ని సడలిస్తారు, కాలనీ పోతుంది. అందుకే ఇక్కడ నియమాల కంటే కారణాల మీదే ఎక్కువ దృష్టి పెట్టడం మంచిది.

ముందు పేరు సంగతి. మన గండుచీమ కాంపొనోటస్ అనే ప్రజాతికి చెందినది. 1861లో ఆస్ట్రియా కీటక శాస్త్రవేత్త గుస్తావ్ మాయర్ ఆ పేరు పెట్టాడు. ప్రపంచంలో వెయ్యికి పైగా జాతులున్న ఈ ప్రజాతి మొత్తానికీ వడ్రంగి చీమలన్న వాడుక పేరు స్థిరపడింది. యూరప్, అమెరికాల్లోని కొన్ని జాతులు తడిసి మెత్తబడిన కొయ్యను దవడలతో తొలిచి అందులో గదులు కడతాయి. ఆ కొయ్యను అవి తినవు. తొలిచిన పొట్టును బయటకు మోసుకొచ్చి కుప్ప పోస్తాయి. చెదపురుగుకూ వీటికీ అసలు తేడా అదే. మన గండుచీమలు, అంటే కాంపొనోటస్ కంప్రెసస్, కొయ్య జోలికే పెద్దగా పోవు. చెట్టు మొదట్లో, వేళ్ల సందుల్లో, నేలలో గూడు పెట్టుకుంటాయి. కాబట్టి ఇంట్లో గండుచీమల్ని పెంచితే తలుపులూ మంచాలూ తొలిచేస్తాయన్న భయానికి ఆధారం లేదు. అమెరికాలో కొయ్య ఇళ్లలో ఉంటున్న తెలుగువాళ్ల పరిస్థితి వేరు. అక్కడి తూర్పు రాష్ట్రాల నల్ల వడ్రంగి చీమ, కాంపొనోటస్ పెన్సిల్వానికస్, వాన నీరు కారి నానిన దూలంలో నిజంగానే కాపురం పెట్టగలదు.

ఈ చీమల పరిశోధన చరిత్రలో తెలుగు నేలకూ చోటుంది. నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేసిన థామస్ జెర్డాన్‌ను కలివికోడిని లోకానికి పరిచయం చేసినవాడిగానే ఎక్కువమంది ఎరుగుదురు. ఆయనే 1851లో దక్షిణ భారత చీమల మీద ఒక జాబితా ప్రచురించాడు. బూడిద రంగు, ఎరుపు కలిసిన కాంపొనోటస్ రూఫోగ్లాకస్ అనే వడ్రంగి చీమను శాస్త్రలోకానికి తొలిసారి వర్ణించి చెప్పింది అందులోనే. మన పెరళ్లలో దొరికే ఇంకో బంధువు కాంపొనోటస్ సెరీసియస్. దాని పొట్ట మీద బంగారు నూగు ఉంటుంది, ఎండ తగిలితే మెరుస్తుంది. మేత దొరికిన సెరీసియస్ చీమ గూటికి వచ్చి ఒక్క తోటి చీమను వెంటబెట్టుకుని బయలుదేరుతుంది. వెనక చీమ మీసాలతో తాకుతూ ఉంటేనే ముందు చీమ నడుస్తుంది, స్పర్శ తప్పితే ఆగి నిలబడుతుంది. 1974లో జర్మన్ శాస్త్రవేత్తలు విడమరిచి చెప్పిన ఈ జంట నడకను పెరటి గోడ మీద ఎవరైనా చూడవచ్చు. పెంపకం మొదలుపెట్టక ముందు కొన్నాళ్లు పెరట్లో చీమల్ని చూడటం అలవాటు చేసుకుంటే, తర్వాత డబ్బాలో ఏం జరుగుతోందో చాలావరకు అర్థమవుతుంది.

ఇక రాణి సంగతికి వద్దాం. చీమల పెంపకంలో ఎక్కువ వైఫల్యాలు ఇక్కడే ఉన్నాయి.

రెక్కల రాణి గాలిలో మగచీమతో జతకట్టి దిగుతుంది. ఆ ఒక్కసారి అందిన బీజాన్ని ఒంట్లో సంచిలో దాచుకుని బతికినంత కాలం వాడుకుంటుంది. మగచీమలు త్వరలోనే చనిపోతాయి. నేలకు దిగిన గండుచీమ రాణి చిన్న గది తవ్వుకుని లోపలి నుంచి మూసేసుకుంటుంది. తొలి పిల్లలు పెద్దవయ్యేదాకా బయటకు రాదు, ఏమీ తినదు. మరి పిల్లలకేం పెడుతుంది? ఎగరడానికి వాడిన కండరాలు ఇక దానికి అక్కర్లేదు. వాటినీ, ఒంట్లోని కొవ్వునూ కరిగించుకుని, నోటి ద్వారా లార్వాలకు అందిస్తుంది. ఎత్తుగా ఉండే ఆ వీపు నిండా ఉన్నవి రెక్కల కండరాలే. దాన్ని ఒక సద్దిమూట అనుకోవచ్చు. అందులో ఉన్నంతే ఉంది, మళ్లీ నిండదు.

పెంపకందారు చేసేదల్లా నేలలోని ఆ గదికి ఒక నకలు తయారు చేయడం. టెస్ట్‌ట్యూబులో మూడో వంతు నీళ్లు పోసి, నీళ్లను తాకేలా దూది ఉండ బిగిస్తారు. మిగిలిన ఖాళీలోకి రాణిని వదిలి, నోటి దగ్గర ఇంకో దూది ఉండ పెడతారు. లోపలి దూది తేమనిస్తుంది, బయటి దూది గాలి ఆడనిస్తుంది. గొట్టాన్ని నల్లగుడ్డలో చుట్టి, అదురు తగలని మూల పెట్టేస్తే రాణికి కావలసినవన్నీ సమకూరినట్టే.

కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. గొట్టంలో ఏమైందో చూడాలన్న ఆత్రం ఎవరికైనా ఉంటుంది. రోజుకు రెండుసార్లు గుడ్డ విప్పి లైటు వేసి చూస్తే రాణి ఉలిక్కిపడి గొట్టమంతా పరుగులు తీస్తుంది. ప్రతి పరుగుకూ ఖర్చయ్యేది ఆ సద్దిమూటే. ఈ చోటు ప్రమాదకరమని తోచిన రాణి తాను పెట్టిన గుడ్లను తానే తినేస్తుంది. దాన్ని క్రూరత్వం అనుకోవడం పొరపాటు. ఇక్కడ పిల్లలు బతకరనుకున్నప్పుడు పెట్టుబడిని వెనక్కి తీసుకుని మరోచోట మళ్లీ ప్రయత్నించడానికి దానికి ఉన్న దారి అదొక్కటే. గుడ్లు పెట్టింది, రెండు రోజుల్లో మాయమయ్యాయి, మళ్లీ పెట్టింది, మళ్లీ మాయమయ్యాయి అని కొత్తవాళ్లు తరచూ వాపోతుంటారు. జబ్బేమిటో వెతకనక్కర్లేదు, చాలాసార్లు కారణం గుడ్డ విప్పిన చేతులే. వారానికి ఒక్కసారి, పది సెకన్లు చూస్తే చాలు. రాణి కొత్తచోటుకు బెదిరి ఉంటే ఆ ఒక్కసారి కూడా మానుకోవడం మేలు.

జాలిపడి తేనెచుక్క వేయడం ఇంకో పొరపాటు. రాణికి ఆ తేనె అవసరం లేదు. గొట్టం లోపలి తడిలో మాత్రం తేనెకు బూజు పడుతుంది. చాలా చీమ జాతులకు నడుము పక్కన బూజునూ సూక్ష్మజీవుల్నీ చంపే ద్రవాన్నిచ్చే గ్రంథి ఒకటుంటుంది. వడ్రంగి చీమల్లో ఎక్కువ జాతులకు ఆ గ్రంథి లేదు. వాటి రక్షణంతా పొట్ట చివరి విషగ్రంథిలోని ఫార్మిక్ ఆమ్లం మీదే ఆధారపడింది. ఫ్లోరిడా వడ్రంగి చీమ మేత తిన్న తర్వాత వంగి ఆ ఆమ్లాన్ని కాస్త తానే మింగుతుందనీ, దానివల్ల అన్నకోశంలో, అంటే తాగిన మేత ముందుగా చేరే సంచిలో, ఉన్న హానికర బాక్టీరియా చస్తుందనీ 2020లో వెలువడిన పరిశోధన చూపించింది. వందల చీమలున్న గూట్లో అందరూ కలిసి శుభ్రం చేసుకుంటారు. గొట్టంలో ఒంటరి రాణికి సాయం ఎవరూ లేరు. ఆ దశలో బూజుకు అవకాశమివ్వడమంటే దాని బతుకుతో ఆడుకోవడమే.

అంతా సవ్యంగా సాగితే మన వాతావరణపు వేడిలో నెలన్నర అటూ ఇటుగా తొలి పనిచీమలు వస్తాయి. ఈ మధ్యలో కనిపించే మార్పులు చూడముచ్చటగా ఉంటాయి. ముందు మెరిసే తెల్ల గుడ్ల ముద్ద. తర్వాత కాళ్లులేని, మెడ వంచుకున్న లార్వాలు. ఆ తర్వాత లార్వాలు తమ చుట్టూ పట్టుగూడు అల్లుకుంటాయి. గోధుమ గింజను తలపించే ఆ లేత గోధుమ రంగు గూళ్లనే పెరట్లో రాయి ఎత్తినప్పుడు చూసి మనం చీమగుడ్లు అంటుంటాం. దగ్గరగా చూస్తే ప్రతి గూటికీ ఒక చివర నల్లటి చుక్క ఉంటుంది. లార్వాగా ఉన్నంతకాలం బయటకు పోని మలమంతా ఒక్కసారి విడిచిపెట్టిన ఆనవాలు అది. చుక్క కనిపించిందంటే లోపల చీమ తయారవుతోందని గుర్తు. కొన్నాళ్లకు రాణి ఒక గూటిని ముందుకాళ్లతో పట్టుకుని అంచును దవడలతో కొద్దికొద్దిగా చింపుతుంది. ముందు ఒక మీసం బయటకు వచ్చి కదులుతుంది. తర్వాత ముడుచుకున్న కాళ్లు. లోపలి చీమ తనంతట తాను గట్టిగా లాక్కోలేదు, రాణి నాకుతూ సాగదీస్తుంది. బయటపడిన చీమ నల్లగా ఉండదు, పాలలో టీ డికాషన్ చుక్క కలిపిన రంగులో ఉంటుంది. ఒకటి రెండు రోజుల్లో ముదురుతుంది. పెరట్లో కనిపించే గండుచీమతో పోలిస్తే ఈ తొలికాన్పు చీమలు బక్కగా, చిన్నగా ఉంటాయి. సద్దిమూటలో ఉన్న కొద్దిపాటి తిండిని ఐదారు పిల్లలకు పంచితే వచ్చే పరిమాణం అదే. అవి తిరగడం మొదలుపెట్టాక మేత వేయాలి, అంతకు ఒక్కరోజు ముందు కూడా అక్కర్లేదు.

ఏం వేయాలన్నదానికి జవాబు చిక్కుడు పాదు మీద దొరుకుతుంది. పేనుబంక పట్టిన కొమ్మ మీద గండుచీమలు కాపలా ఉంటాయి. పేనుబంక పురుగులు విసర్జించే తియ్యటి ద్రవాన్ని అవి తాగుతాయి. పిండినల్లి దగ్గరా, తుమ్మకొమ్మల మీది ముళ్లపురుగుల దగ్గరా ఇదే దృశ్యం. ఇంత తీపి మీద బతికే చీమకు మాంసకృత్తులు ఎలా సరిపోతాయన్న ప్రశ్నకు సమాధానం దాని పేగుల్లో ఉంది. జర్మన్ జంతుశాస్త్రవేత్త ఫ్రిడ్రిక్ బ్లాక్‌మన్ 1880ల్లో వడ్రంగి చీమల పేగు కణాల లోపల కొన్ని బాక్టీరియాలు ఉన్నాయని గుర్తించాడు. ఇప్పుడు వాటిని ఆయన పేరుతోనే బ్లాక్‌మానియా అంటున్నారు. తల్లి నుంచి గుడ్డు ద్వారా పిల్లకు వచ్చే ఈ బాక్టీరియా చీమను వదిలి బయట బతకలేదు. 2003లో దాని జన్యుపటాన్ని చదివితే ఏడు లక్షల పైచిలుకు డీఎన్ఏ అక్షరాలే ఉన్నాయి. మన పేగుల్లో ఉండే మామూలు ఈ.కోలై బాక్టీరియాకు దాదాపు 46 లక్షలుంటాయి. ఎన్నో జన్యువులు ఊడిపోయినా, చీమకు అత్యవసరమైన అమైనో ఆమ్లాలు తయారుచేసే జన్యువులు మాత్రం మిగిలాయి. యాంటీబయాటిక్ ఇచ్చి ఈ బాక్టీరియాను తగ్గించిన కాలనీల్లో పిల్లల పెంపకం దెబ్బతిన్నదని 2007లో ప్రయోగం చేసి చూపారు.

పెంపకానికి దీనివల్ల రెండు సంగతులు తేలతాయి. రెండు మూడు వారాలు పురుగు మేత దొరక్కపోయినా వడ్రంగి చీమల కాలనీ చక్కెర నీళ్ల మీద నిలబడగలదు, లోపలి బాక్టీరియా కాస్త సర్దుబాటు చేస్తుంది. కాలనీ పెరగాలంటే మాత్రం పురుగులు కావాలి, ఎందుకంటే లార్వాల ఒళ్లు కట్టేది మాంసకృత్తులతోనే. చక్కెర ఒక పాలు, నీళ్లు మూడు పాళ్లు కలిపి, చిన్న దూది ముక్కకు పట్టించి పెడితే చీమలు మునిగిపోకుండా తాగుతాయి. చిక్కటి తేనెలో చిన్న చీమల కాళ్లు అంటుకుపోతాయి. వేసవిలో చక్కెర నీళ్లు ఒక్కరోజులోనే పులుస్తాయి, మరునాడు తీసేయాల్సిందే.

పురుగుల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. మన ఇళ్లలో బొద్దింకకు స్ప్రే, చీమకు సుద్దగీత, దోమకు బిళ్ల. ఎక్కడో మందు తాకి తూలుతున్న బొద్దింక సులువుగా దొరికింది కదా అని కాలనీకి వేస్తే ఏమవుతుందో తెలియాలంటే, చీమలు మేతను ఎలా పంచుకుంటాయో చూడాలి.

ఎదిగిన చీమలు గట్టి ముద్దను మింగలేవు. నడుము సన్నం, అందులోంచి ద్రవం మాత్రమే దిగుతుంది. నోటి కింద చిన్న సంచి వడగట్టుగుడ్డలా పనిచేసి పిప్పిని ఆపేస్తుంది. మాంసం ముక్కల్ని పనిచీమలు లార్వాల దగ్గరకు చేరుస్తాయి, అరిగించుకునేది ఆ లార్వాలే. తాగిన ద్రవం పొట్ట ముందు భాగంలో ఉన్న అన్నకోశంలో చేరుతుంది. అది తాగిన చీమ సొంత కడుపు కింద లెక్క కాదు, ఊరుమ్మడి గాదె. కడుపునిండా తాగి వచ్చిన గండుచీమను గొట్టంలో చూస్తే పొట్ట మీది నల్ల పలకలు ఎడమై, మధ్యలో తేనె రంగు పొర మెరుస్తూ ఉంటుంది. లోపలి చీమ ఎదురొచ్చి మీసాలతో దాని ముఖాన్ని తడుతుంది. రెండూ దవడలు తెరిచి నోటికి నోరు ఆనిస్తాయి. మధ్యలో ఒక చుక్క నిలిచి, వణికి, అటువైపు జారిపోతుంది. అది తీసుకున్న చీమ మరో రెండింటికి, అవి ఇంకొన్నింటికి. ఒకటి రెండు చీమలు మేతకు వెళ్లొచ్చినా కొద్ది గంటల్లో రాణి దాకా, లార్వాల దాకా వాటా చేరుతుంది. ఫ్లోరిడా వడ్రంగి చీమల్లో ఈ చుక్కను 2016లో పరిశీలించినప్పుడు, అందులో ఆహారంతోపాటు ఎదుగుదలను నడిపే హార్మోను, ప్రోటీన్లు కూడా ఉన్నట్టు తేలింది. అంటే నోటి నుంచి నోటికి నడిచేది పిల్లల్ని ఎలా పెంచాలన్న మాట కూడా. మందు తగిలిన బొద్దింక రసం వెళ్లేది కూడా ఈ దారినే. చీమల మందులు తయారుచేసేవాళ్లు తీపిలో విషం కలిపి పెట్టేది ఈ పంపకాన్ని నమ్ముకునే. కాబట్టి పెంపకానికి ఇచ్చే పురుగులు మందు ఎరుగనివై ఉండాలి. పెంపుడు చేపల దుకాణాల్లో దొరికే పురుగులైనా, ఇంట్లో పెంచిన మిడతలైనా, వాన రాత్రి పట్టిన ఉసిళ్లైనా సరే. వాటిని ఒకరోజు ఫ్రీజరులో ఉంచి ఇస్తే వెంట వచ్చే కంటికి ఆనని నల్లి పురుగులు (మైట్లు) కూడా చాలావరకు పోతాయి. దోమల బిళ్ల, ద్రవం వెలిగే గదిలో కాలనీని ఉంచకూడదు. ఆ ఆవిరి పనిచేసేది కీటకాల నరాల మీదే, అది దోమ, ఇది చీమ అని చూడదు.

కాలనీ ఇరవై ముప్పై చీమలకు చేరాక గొట్టం చాలదు. ఇంగ్లండులో జాన్ లబ్బాక్ అనే ప్రకృతి పరిశోధకుడు పందొమ్మిదో శతాబ్దంలోనే రెండు గాజుపలకల మధ్య మట్టి నింపి చీమల్ని ఏళ్ల తరబడి పెంచాడు. ఆయన దగ్గర ఒక రాణి దాదాపు 15 ఏళ్లు బతికింది. చీమలు అతినీలలోహిత కాంతిని గుర్తిస్తాయని తేల్చిందీ ఆయన ప్రయోగాలే. ఎరుపు మాత్రం వాటికి సరిగా ఆనదు. గూటి మీద ఎర్ర ప్లాస్టిక్ కాగితం కప్పి చూడటం అన్న నేటి అలవాటుకు కారణం అదే. ఇప్పుడు జిప్సం, అక్రిలిక్ గూళ్లు వాడుతున్నారు. మన దగ్గర అపార్టుమెంటు గోడలకు వాడే తేలికపాటి ఏఏసీ ఇటుక ఇందుకు అచ్చంగా సరిపోతుంది. స్క్రూడ్రైవరుతో గదులు చెక్కవచ్చు, ఒక మూల నీళ్లు పోస్తే తేమ మెల్లగా పాకి, ఒక చివర తడిగా, మరో చివర పొడిగా ఉంటుంది. ఈ తేడాయే ముఖ్యం. గుడ్లనూ లార్వాలనూ తేమ గదిలోకీ, పట్టుగూళ్లను పొడిచోటికీ చీమలే మోసుకుపోతాయి. ఎంత తేమ ఉండాలో అంచనా వేసి గూడంతా ఒకేలా తడపడం కంటే, తడి పొడి రెండూ ఇచ్చి వాటికే వదిలేయడం ఎప్పుడూ క్షేమం. గూడు మరీ పెద్దదైతే మిగిలిన గదుల్లో చెత్త పోస్తాయి, బూజు మొదలవుతుంది. కాలనీ కిక్కిరిసినట్టు కనిపించడమే ఆరోగ్యం.

యూరప్ వాళ్లు రాసే సలహాల్లో వేడి తీగలు, వేడి పలకల ప్రస్తావన ఎక్కువ. అది వాళ్ల చలికి. 25 నుంచి 30 డిగ్రీల మధ్య గండుచీమలు హాయిగా పెరుగుతాయి. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల మధ్యాహ్నం ఎదురయ్యే ప్రమాదం అందుకు పూర్తిగా తలకిందులు. నేలలోని గూట్లో చీమలు వేడెక్కితే లోతుకు దిగిపోతాయి. అక్రిలిక్ డబ్బాలో దిగడానికి చోటు లేదు. పడమటి గోడకు ఆనించిన అరలో పెట్టిన కాలనీ ఒక్క మధ్యాహ్నంలో పోతుంది. ఇంట్లో కుండ ఎక్కడ పెడతారో గూడు కూడా అక్కడ పెట్టడం మంచిది. మిక్సీ బల్ల మీదా, వాషింగ్ మిషన్ పక్కనా అస్సలు వద్దు. వడ్రంగి చీమలు ప్రమాదం వస్తే దవడలతోనూ పొట్టతోనూ కొయ్యను కొట్టి తోటివాళ్లను హెచ్చరిస్తాయి. వాటికి అదురే భాష. మిక్సీ తిరిగిన ప్రతిసారీ ఊరంతా ప్రమాద ఘంట మోగినట్టే.

పారిపోకుండా ఆపడం ఇంకో పని. గండుచీమ గాజు మీద కూడా ఎక్కగలదు. మేత పెట్టె పైఅంచు లోపలివైపు టెఫ్లాన్ ద్రవమో, టాల్కం పౌడరును స్పిరిటులో కలిపిన పూతో పట్టీలా వేస్తే జారిపోతుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్లలో వానాకాలపు తేమకు ఈ పూతల పట్టు తగ్గుతుంది, అక్కడ మూత తప్పనిసరి. పెట్టెను నీళ్ల పళ్లెంలో నిలబెట్టడం మన వంటింటి ఉపాయమే. ఇక్కడ అది లోపలి చీమల కోసం, ఇంకా ముఖ్యంగా బయటి చిన్న ఎర్రచీమలు దాడిచేసి కాలనీని ఊడ్చుకుపోకుండా.

ఏడాది రెండేళ్లకు, మేత బాగుంటే, పెద్దతల చీమలు పుడతాయి. ఒకే తల్లి కూతుళ్లలోనే కొన్ని సన్నగా, కొన్ని నడిమిగా, కొన్ని బండతలలతో ఉండటం ఈ ప్రజాతి పెంపకానికి పెద్ద ఆకర్షణ. వీటికి కొండి లేదు. కరిచి, గాటు మీద ఆమ్లం చిమ్ముతాయి. కొత్త పెంపకందారును కంగారు పెట్టేది ఇంకొకటుంది: కాలు లేని చీమలు. 2024లో జర్మనీలోని వ్యూర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఫ్లోరిడా వడ్రంగి చీమలు తోటి చీమల కాళ్లను తీసేసి ప్రాణం నిలుపుతాయని వెల్లడించారు. గాయం తొడ భాగంలో అయితే తోటి చీమ నాకి, పైకి జరిగి, కాలి మొదట్లో కొరికి కొరికి తెంచేస్తుంది. గాయం ఇంకా కింద, పిక్క భాగంలో అయితే తెంచదు, ఎక్కువసేపు నాకి శుభ్రం చేస్తుంది. తొడ గాయమైన చీమల్ని ఒంటరిగా వదిలితే బతికేవి 40 శాతం లోపే. కాలు తీసేస్తే 90 శాతానికి పైగా బతికాయి. కింది గాయంలో క్రిములు చీమల పని పూర్తయ్యేలోపే ఒంట్లోకి పాకిపోతాయి కాబట్టి అక్కడ కోత వృథా అని పరిశోధకుల వివరణ. పెట్టెలో ఐదు కాళ్లతో తిరిగే చీమను చూసి కొట్లాట అయిందనుకోనక్కర్లేదు. ఎవరో వైద్యం చేసి ఉండవచ్చు.

ఇక దూరదేశపు చీమల మోజు. రంగులు, పరిమాణం చూసి పక్క ఖండం నుంచి రాణులను తెప్పించుకోవాలన్న తపన ఈ అభిరుచిని చీకటి వ్యాపారంలోకి లాగుతోంది. 2025 మే నెలలో కెన్యా కోర్టు దాదాపు ఐదు వేల రాణి చీమలతో దొరికిన ఇద్దరు బెల్జియం కుర్రాళ్లతో సహా నలుగురికి తలా పది లక్షల కెన్యా షిల్లింగుల జరిమానా, కట్టకపోతే ఏడాది జైలు విధించింది. దూది పెట్టిన గొట్టాల్లో వాటిని సర్దారు, అంటే పైన చెప్పిన పద్ధతే. ఒక రాణిని తీసుకుపోవడమంటే పుట్టబోయే ఊరు మొత్తాన్ని తీసుకుపోవడం. అమెరికాలో అనుమతి లేకుండా రాణి చీమల్ని ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి పంపకూడదు. అక్కడ 1956 నుంచి పిల్లల బొమ్మగా అమ్ముడైన చీమల పెట్టెల్లో రాణి ఉండకపోవడానికి ఇదొక కారణం. కొన్నాళ్లకు పనిచీమలన్నీ ఒక్కొక్కటిగా రాలిపోయే ఆ పెట్టె పిల్లలకు కాలనీని చూపించదు, దాని క్షీణతనే చూపిస్తుంది. మన జీవవైవిధ్య చట్టం, 2002 ప్రకారం ఇక్కడి జీవుల్ని పరిశోధనకో వ్యాపారానికో తీసుకోవాలంటే విదేశీయులు చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి పొందాలి.

సొంత ఊరి జాతినే పెంచడంలో చట్టం కంటే పెద్ద సౌలభ్యం ఒకటుంది: వాతావరణం కలిసి వస్తుంది. ఉత్తర దేశాల వడ్రంగి చీమలకు చలికాలంలో నెలల తరబడి నిద్ర కావాలి. అది లేకపోతే రాణి గుడ్లు పెట్టే క్రమమే తప్పుతుంది. న్యూజెర్సీలో పెన్సిల్వానికస్‌ను పెంచే తెలుగు కుటుంబం కాలనీని చల్లటి గదిలోనో ఫ్రిజ్ అరలోనో మూడు నాలుగు నెలలు ఉంచక తప్పదు. అదే చీమను హైదరాబాదుకు తెస్తే ఏటా ఆ పని చేస్తూనే ఉండాలి. గండుచీమకు ఆ బెడద లేదు.

రాణుల ఆయుష్షు కూడా ఆలోచించాల్సిన విషయం. చీమల్లో నమోదైన గరిష్ఠ వయసు, జర్మనీలో పెంపకంలో ఉన్న ఒక నల్ల తోటచీమ రాణిది, 28 ఏళ్లు దాటింది. వడ్రంగి చీమల రాణులు పదేళ్లు దాటడం అరుదేమీ కాదు. పదో తరగతిలో మొదలుపెట్టిన కాలనీ ఇంజినీరింగ్ చదువు, మొదటి ఉద్యోగం, పెళ్లి దాకా వెంట రావచ్చు. హాస్టలుకు ఎలా తీసుకెళ్లాలి, సెలవుల్లో చక్కెర నీళ్లు ఎవరు మారుస్తారు అన్నది రాణిని గొట్టంలోకి వదిలే రోజే ఆలోచించాలి.

అలా నాలుగైదేళ్లు సాగిన కాలనీలో ఒక వేసవి చివర మామూలు కంటే పెద్ద పట్టుగూళ్లు కనిపిస్తాయి. వాటిలోంచి రెక్కల చీమలు వస్తాయి, లావుపాటి రాణులు, సన్నటి మగవి. కొన్ని వారాలు అవి లోపలి గదుల్లో కదలకుండా కూర్చుంటాయి. బయట తొలకరి పడిన సాయంత్రం మాత్రం మేత పెట్టె మూత కిందికి గుంపుగా వచ్చి గోడలెక్కుతాయి, రెక్కలు గాజుకు తగిలి టపటపమంటాయి. ఆ మూత తీయవచ్చా లేదా అన్నది, వాటి తల్లిని ఏ ఊరి వీధిదీపం కింద పట్టుకున్నారన్న దానిమీద ఉంటుంది.